అమ్మ కళ్లు, నోరు ఎండిపోతున్నాయి: అది షోగ్రెన్సేనా? అయితే ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 52 ఏళ్లు. ఏడాదిన్నరగా కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర. రాత్రి నోరు పిడచకట్టుకుపోయి రెండు మూడుసార్లు నీళ్లకి లేస్తున్నారు. షుగర్ చూపిస్తే లేదన్నారు. ఖమ్మంలో కంటి డాక్టర్ చుక్కల మందు రాశారు, వేసుకున్న పావుగంటే హాయి. ఇప్పుడు పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయని చూపిస్తే ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష (సొంత కణాల మీదికే తిరిగిన యాంటీబాడీల కోసం చేసేది) పాజిటివ్ వచ్చింది, 'షోగ్రెన్స్ కావచ్చు' అన్నారు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, ఉమ్మి గ్రంథుల్ని దెబ్బతీసే జబ్బు. మీరు నెట్‌లో వెతికితే లింఫోమా (తెల్లకణాల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్) అన్న మాట కనబడింది. ఆ రోజు నుంచీ ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇది నిజంగా షోగ్రెన్సేనా, అయితే ఇప్పుడేం చేయాలి అని అడిగారు.

ముందు నేనెవరో చెప్తాను, నా మాటని ఎంతవరకు తీసుకోవాలో మీకే తెలుస్తుంది. నేను పళ్ల డాక్టర్ని. ప్రాక్టీసు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. రుమటాలజిస్టుని, అంటే కీళ్ల జబ్బులు, ఇలాంటి జబ్బులు చూసే డాక్టర్ని, కాను. కానీ మా అక్కకి ఈ జబ్బు ఉందని తెలిసి తొమ్మిదేళ్లయింది. అంతకుముందు రెండేళ్లు ఆవిడని నా కుర్చీలోనే కూర్చోబెట్టుకుని, ఏడు పళ్లకి సిమెంటు పెట్టి కూడా పట్టుకోలేకపోయాను.

ఆ ఏడు పళ్లూ చిగురు అంచు దగ్గరే పుచ్చాయి. అందులో రెండు కింది వరస ముందుపళ్లు. మామూలుగా ఆ చోట పుచ్చు రాదు. నాలుక కింది గ్రంథుల నుంచి ఊరే ఉమ్మి ఆ పళ్లని పొద్దస్తమానం కడుగుతూ ఉంటుంది. అక్కడ పుచ్చిందంటే ఊట తగ్గిందన్నమాట. ఇది కాలేజీలో చదువుకున్నదే. వేరే పేషెంటయితే అడిగేదాన్నేమో. ఎదురుగా అక్క ఉండేసరికి 'స్వీట్లు తగ్గించక్కా' అని ఊరుకున్నాను. అక్క టీలో కూడా చక్కెర వేసుకోదు.

ఆ సంక్రాంతికి అమ్మ సున్నుండలు చుట్టింది. అక్క ఒకటి నోట్లో వేసుకుంది. రెండు నిమిషాలయినా మింగలేదు. చివరికి పక్కకి తిరిగి, అంగిలికి అతుక్కుపోయిన పిండిని వేలితో తీసి, గ్లాసెడు నీళ్లు తాగింది. 'ఏడాదిగా ఇంతే, మరమరాలు కూడా నీళ్లతోనే' అంది. మర్నాడు క్లినిక్‌కి రమ్మని చిన్న అద్దం బుగ్గ లోపల పెట్టి చూశాను. తీస్తుంటే అద్దం బుగ్గకి అంటుకుపోయి చర్మం దాంతోపాటే సాగింది. తడి ఉన్న నోట్లో అద్దం జారుతుంది, అంటుకోదు. అప్పటికే కంటి చుక్కలు ఒకరు రాశారు, మోకాళ్లకి మాత్రలు ఇంకొకరు రాశారు, కీళ్ల నొప్పుల్ని మేమందరం కలిసి ఎప్పటిదో చికెన్‌గున్యా ఖాతాలో వేసేశాం.

కాబట్టి అమ్మగారిని ఇవి అడగండి. మూడు నెలలకి మించి రోజూ కళ్లు ఎండినట్టు ఉంటున్నాయా? చుక్కల మందు రోజుకి మూడుసార్ల కన్నా ఎక్కువ కావాలా? చపాతీ, అటుకులు, బిస్కెట్టు లాంటివి నీళ్లు లేకుండా దిగుతున్నాయా? ఇవి డాక్టర్లు అడిగేవే. నేను ఇంకో మూడు కలుపుతాను. ఉల్లిపాయలు తరిగితే కళ్ల నీళ్లొస్తున్నాయా? ఇన్నేళ్లు తిన్న ఆవకాయే ఇప్పుడు నిప్పులా మండుతోందా? దవడల దగ్గర గవదబిళ్లల్లాగా వాచి తగ్గడం ఎప్పుడైనా జరిగిందా?

జబ్బు సంగతి కొంచెం. ఒంటిని కాపాడాల్సిన తెల్లకణాలు కన్నీటి గ్రంథుల్లో, లాలాజల గ్రంథుల్లో చేరి వాటినే దెబ్బతీస్తాయి. దాంతో ఊట తగ్గిపోతుంది. హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి డాక్టర్ 1933లో రాసిన థీసిస్‌లో 19 మంది ఆడవాళ్లని వర్ణించాడు. వాళ్లలో 13 మందికి కీళ్ల జబ్బు కూడా ఉంది. పొడి కళ్లకీ కీళ్లకీ చుట్టరికం ఉందని అప్పుడే తేలింది, మనమే ఇంకా విడివిడిగా చూపించుకుంటున్నాం. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువగా నలభై, యాభైల్లో బయటపడుతుంది. ఆ వయసులో ఏం చెప్పినా 'ముట్లు ఆగే వయసు కదమ్మా' అని పంపేస్తారు. నిజమే, అప్పుడు కూడా కళ్లు, నోరు కొంత ఎండుతాయి. ఏడు పళ్లు మాత్రం పుచ్చవు.

ఇక మీ అసలు ప్రశ్న. ఏఎన్‌ఏ పాజిటివ్ ఒక్కటే చూసి షోగ్రెన్స్ అనలేరు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొంతమందికి అది పాజిటివ్ వస్తుంది. తర్వాత చేయించాల్సింది యాంటీ రో అనే యాంటీబాడీకి రక్తపరీక్ష, రిపోర్టులో ఎస్‌ఎస్‌ఏ అని కూడా ఉంటుంది. షోగ్రెన్స్ ఉన్నవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మందికి ఇది పాజిటివ్. అంటే నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కొట్టిపారేయడానికి లేదు.

దీనికంటే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. అమ్మగారు వేసుకునే మాత్రలన్నీ, షీట్లతో సహా ఒక కవర్లో వేయండి. నిద్రకో నరాల నొప్పికో రాసే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రలు, మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చేవి, బీపీ కోసం నీరు లాగే మాత్రలు, ఇవన్నీ నోరు ఎండగొడతాయి. వాటివల్లే అయితే డాక్టర్ మాత్ర మారిస్తే తేలిపోతుంది. మీ అంతట మీరు ఆపేయకండి. హెపటైటిస్ సి, తల, మెడ భాగంలో పెట్టిన రేడియేషన్, ఐజీజీ4 అనే ఇంకో జబ్బు కూడా అచ్చం ఇలాగే కనబడతాయి కాబట్టి వాటిని కూడా చూసుకుంటారు.

కంటి పరీక్ష తేలిక. కింది రెప్ప అంచున సన్నటి కాగితం ముక్క తగిలించి అయిదు నిమిషాలు కళ్లు మూసుకోమంటారు. తడి 5 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ పాకితే కన్నీళ్లు తగ్గినట్టు లెక్క. అక్కకి 2 దగ్గరే ఆగిపోయింది. నోటికి ఇంకా తేలిక. ఏమీ నమలకుండా, మింగకుండా, నోట్లో ఊరింది ఊరినట్టు పదిహేను నిమిషాలు గ్లాసులో ఉమ్మాలి. నిమిషానికి 0.1 మి.లీ. లేదా అంతకన్నా తక్కువ, అంటే మొత్తం ఒకటిన్నర మి.లీ. దాటకపోతే ఊట పడిపోయినట్టే. ఇంట్లో సిరంజితో కొలిచి చూసుకోవచ్చు గానీ అది మీ అంచనా కోసమే.

2016లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి మార్కుల పద్ధతి పెట్టాయి. యాంటీ రోకి 3, పెదవి బయాప్సీకి 3, కంటి మీద రంగు వేసి చూసే పరీక్షకి 1, కాగితం పరీక్షకి 1, ఉమ్మి పరీక్షకి 1. మొత్తం 4 వస్తే షోగ్రెన్స్ కింద లెక్క. నిజానికి అది పరిశోధనల కోసం తయారుచేసిన కొలత, కానీ డాక్టర్ ఏ పరీక్ష ఎందుకు రాస్తున్నారో మీకు అర్థమవ్వాలంటే ఇది తెలిసుండాలి. యాంటీ రో పాజిటివ్ వచ్చి, కాగితం కూడా తడవకపోతే చాలామందికి బయాప్సీ అవసరమే పడదు.

బయాప్సీ అనగానే క్యాన్సర్ అనుకుంటారు మనవాళ్లు. అక్క కూడా ఆ మాట విని ఏడ్చేసింది. ఇక్కడ అది క్యాన్సర్ కోసం కాదు. కింది పెదవి లోపలివైపు మత్తింజెక్షన్ ఇచ్చి, చిన్న గాటు పెట్టి, సగ్గుబియ్యం గింజలంత గ్రంథులు నాలుగైదు తీస్తారు. ఒకటో రెండో కుట్లు, అంతే. తెల్లకణాలు అక్కడ గుంపులు కట్టాయేమో మైక్రోస్కోపులో చూస్తారు. కొంతమందికి పెదవి మీద కాస్త చోటు కొన్నాళ్లు మొద్దుబారినట్టు ఉంటుంది, అరుదుగా అది ఉండిపోతుంది కూడా. ఈ బయాప్సీలు తరచూ చేసే చోటే చేయించండి.

మిమ్మల్ని భయపెట్టిన లింఫోమా సంగతి. అబద్ధం చెప్పను, ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువే. జీవితకాలం మొత్తంలో నూటికి సుమారు అయిదుగురికి వస్తుందని లెక్క. అంటే తొంభై అయిదు మందికి రాదు. వచ్చే రకాల్లో ఎక్కువభాగం మెల్లగా పెరిగేవి, వైద్యానికి లొంగేవి. చెవి కింద వాపు వచ్చి వారాల తరబడి తగ్గకపోయినా, ఒకవైపే గట్టిగా పెరుగుతున్నా, మెడలోనో చంకలోనో గడ్డలు తగిలినా, కారణం లేకుండా జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆగకండి. కాళ్ల మీద నొక్కినా తెల్లబడని ఎర్రటి చుక్కలు గుంపుగా వస్తే ఫొటో తీసి పెట్టుకుని చూపించండి. రక్తంలో సీ4 అనే రక్షణ ప్రొటీన్ తగ్గినా డాక్టర్లు ఇంకొంచెం దగ్గరగా గమనిస్తారు. అక్క నెలకోసారి తలస్నానం చేసే రోజున దవడ కింద తడుముకుని చూసుకుంటుంది. మిగతా రోజుల్లో ఆ ఆలోచన పెట్టుకోదు.

లింఫోమా గురించి అందరూ చదువుతారు గానీ, మన దేశపు డాక్టర్లు మళ్లీమళ్లీ రాసిన ఇంకో సంగతి ఎవరికీ తెలియదు. ఈ జబ్బు కొందరిలో కిడ్నీ గొట్టాలని పట్టుకుని రక్తంలో పొటాషియం పడిపోయేలా చేస్తుంది. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున్న కాళ్లూ చేతులూ కదపలేదు. పక్షవాతం అనుకుని పరుగెడతారు. పొటాషియం ఎక్కిస్తే కోలుకుంటారు. నోరు ఎండే సంగతి అప్పుడు అడిగితే బయటపడినవాళ్లు కూడా ఉన్నారు. అమ్మగారికి ఎప్పుడైనా తొడల్లో సత్తువ లేక మెట్లెక్కలేకపోతే ఆ రోజే పొటాషియం చూపించండి. వదలని పొడి దగ్గు, ఆయాసం ఉంటే ఊపిరితిత్తులు, అరికాళ్లలో మంట, తిమ్మిరి ఉంటే నరాలు చూడాలి.

ఇప్పుడు రోజువారీ సంగతులు. నా వృత్తితోనే మొదలుపెడతాను, అందరూ చివరికి వదిలేసేది కూడా పళ్లనే. ఉమ్మి లేని నోట్లో పళ్లు మనకి టైమివ్వవు. తిన్నాక పుట్టే ఆమ్లాన్ని విరిచేది ఉమ్మే, అది లేకపోతే ఆమ్లం అక్కడే కూర్చుంటుంది. 'పోతే పోయాయి, సెట్టు కట్టించుకుంటాను' అంటారు కొంతమంది పెద్దవాళ్లు. ఆ సెట్టు చిగురుకి పట్టి నిలబడాలన్నా ఉమ్మి తడే ఆధారం. తడి లేకపోతే సెట్టు ఊడుతుంది, ఒరుసుకుంటుంది, పుండ్లు పడతాయి. అందుకే ఉన్న పళ్లని కాపాడుకోవడం మీద డబ్బు పెట్టండి.

ఫ్లోరైడ్ వార్నిష్ అని పళ్లకి పూస్తారు, మూడు నాలుగు నెలలకోసారి వేయించండి. మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం చుట్టుపక్కల ఉంటుంది. వీళ్లకి 5000 ఉన్నది రాస్తాం. రాత్రి దాంతో తోముకుని, నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా పడుకోవాలి. ఇది చెప్పగానే నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్లు నా మొహం వింతగా చూస్తారు. వాళ్ల తప్పు లేదు, ఫ్లోరైడ్ నీళ్లతో వంకర్లు తిరిగిన కాళ్లు చూసినవాళ్లు. అది ఏళ్ల తరబడి నీళ్లలో తాగితే ఎముకలకి చేరిన ఫ్లోరైడ్. ఇది పంటి మీద పూసి ఉమ్మేసేది, కడుపులోకి పోదు. చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి చాలు.

నిమ్మకాయ చప్పరిస్తే ఊరుతుందని ఇంట్లో ఎవరో ఒకరు చెప్తారు. ఉసిరికాయ, చింతపండు, పుల్లటి చప్పరింపు బిళ్లలు కూడా అంతే. కాసేపు ఊరుతుంది నిజమే, కానీ ఆ పులుపుని కడిగేంత ఉమ్మి లేదు కదా, పంటి పైపొర కరిగిపోతుంది. పటికబెల్లం బుగ్గన పెట్టుకోవడం ఇంకా ఘోరం. జైలిటాల్ (పళ్లని పుచ్చబెట్టని తీపి పదార్థం) ఉన్న చక్కెర లేని చూయింగ్ గమ్ నమలమనండి, అది ఇష్టం లేకపోతే ఒక యాలక్కాయ. నీళ్లు చెంబులు చెంబులు తాగితే నోరు తడవదు, రాత్రి నిద్రే చెడుతుంది. సీసా దగ్గర పెట్టుకుని ఒక్కో గుక్క తాగాలి. స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్ వద్దు, నోటిని ఇంకా ఎండగొడుతుంది. నాలుక ఎర్రగా మారి మండుతున్నా, పెదవుల మూలలు చిట్లుతున్నా అది కారం వల్ల కాదు, ఫంగస్ కావచ్చు. అక్కకి ఏడాదికి ఒకసారైనా వస్తుంది, పూత మందుతో పోతుంది. ఆవకాయ మానలేక ఆవిడ కనిపెట్టిన ఉపాయం, ముక్కని నీళ్లలో కడిగి పెరుగన్నంలో నంజుకోవడం. మా అమ్మ దాన్ని చూసి తల పట్టుకుంటుంది.

కళ్లకి వేసే చుక్కలు రోజుకి నాలుగుసార్లు దాటితే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. సీసా పాడవకుండా కలిపే బెంజాల్కోనియం లాంటి మందే కంటి పైపొరని గీరుతుంది. మండాక వేయడం కాదు, గంటలు పెట్టుకుని ముందే వేయాలి. రాత్రికి జెల్. మందుల షాపులో 'ఎర్రకళ్లకి' అని ఇచ్చే చుక్కలు, డాక్టర్ చెప్పని స్టెరాయిడ్ చుక్కలు వాడొద్దు, కంట్లో తేనె, ఆముదం అసలు వద్దు. ఇవి చాలకపోతే కంటి డాక్టర్ సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తారు. మొదట్లో మండుతాయి, గుణం తెలియడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పది రోజులకే ఆపేసి 'పనిచేయలేదు' అన్నవాళ్లని చాలామందిని చూశాను. కన్నీళ్లు కారిపోయే రంధ్రానికి చిన్న బిరడా పెట్టే పద్ధతి కూడా ఉంది. పడుకునేటప్పుడు ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి కొట్టకూడదు. మీ ఖమ్మం ఎండలకి ఏసీ కన్నా నీళ్లు పోసే కూలరే కళ్లకి నయం, గది గాలి కాస్త తేమగా ఉంటుంది. అది కూడా పక్కకి తిప్పి పెట్టండి.

మింగే మాత్రల్లో పైలోకార్పిన్ ఉంది, గ్రంథుల్లో మిగిలిన ఊటని పిండుతుంది. మోతాదు 5 మి.గ్రా., రోజుకి మూడు నాలుగుసార్ల వరకు. చెమటలు బాగా పడతాయి. ఆస్తమా అదుపులో లేనివాళ్లకి, కొన్ని రకాల గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకి పనికిరాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ దాదాపు అందరికీ రాస్తారు. కీళ్లకి, ఒంటి మీద మచ్చలకి వాడతారు గానీ, దాంతో నోరు ఊరుతుందని ఆశ పెట్టుకోకండి. ఫ్రాన్స్‌లో చేసిన ట్రయల్‌లో ఆరు నెలలు చూసినా ఎండడం, నొప్పి, నీరసం విషయంలో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా ఏమీ చేయలేదని 2014లో తేలింది. మోతాదు మాత్రం లెక్కచూసుకోండి, కిలో బరువుకి రోజుకి 5 మి.గ్రా. దాటకూడదు. 50 కిలోల మనిషికి రోజూ 400 రాస్తే డాక్టర్‌ని అడగడంలో తప్పు లేదు. మొదలుపెట్టిన ఏడాదిలోపు కంటి తెర పరీక్ష, అయిదేళ్ల తర్వాత ఏడాదికోసారి. స్టెరాయిడ్లు ఎండడం తగ్గడానికి వేసే మందు కాదు. ఊపిరితిత్తులో, నరాలో, కిడ్నీలో దెబ్బతింటే పెద్ద మందులుంటాయి, అవి రుమటాలజిస్టు చూసుకుంటారు.

ఇది చదివేవాళ్లలో పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలు ఎవరైనా ఉంటే ఒక్క మాట. యాంటీ రో పాజిటివ్ అయితే గర్భం రాకముందే డాక్టర్‌కి చెప్పండి. అలాంటి తల్లుల్లో నూటికి ఒకరిద్దరి బిడ్డలకి గుండె కొట్టుకునే వేగం పడిపోయే సమస్య వస్తుంది, నాలుగో నెల నుంచి బిడ్డ గుండెని స్కానింగులో గమనిస్తారు.

నీరసం గురించి ఇంట్లోవాళ్లకి చెప్పాలి. పైకి మనిషి బాగానే ఉంటుంది, పొద్దున పదకొండింటికల్లా పక్క ఎక్కుతుంది. మా బావగారు మొదట్లో 'పనికి బద్ధకం' అనేవారు. టెన్నిస్ ఆడే వీనస్ విలియమ్స్ 2011లో ఈ జబ్బు వల్లే యూఎస్ ఓపెన్ మధ్యలో తప్పుకుందని చూపించాక కాస్త తగ్గారు. మరుసటి ఏడాది ఆవిడే చెల్లెలితో కలిసి లండన్ ఒలింపిక్స్‌లో డబుల్స్ బంగారు పతకం గెలిచిందని కూడా చూపించాను. అక్కకి బాగా పనిచేసింది సాయంత్రం ఇరవై నిమిషాల నడక. మొదటి నెల నడవగానే ఇంకా అలిసిపోయేది, తర్వాత కుదురుకుంది. థైరాయిడ్, రక్తహీనత కూడా చూపించండి, నీరసానికి అవి కూడా తోడవుతుంటాయి.

ఎక్కడ చూపించాలన్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. కళ్లకి ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఓపీ రద్దీ ఉంటుంది, పొద్దున్నే చేరుకునేలా బయల్దేరండి. ఖమ్మంలోనే రుమటాలజిస్టు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే ఇది ఆరు నెలలకోసారి వెళ్లాల్సిన జబ్బు. ఒకే డాక్టర్ దగ్గర పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో ఉండాలి. వెళ్లినప్పుడల్లా రక్తకణాలు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం, మూత్రం, సీ4, దానిలాంటిదే అయిన సీ3 చూస్తుంటారు.

ఈ వారం చేయాల్సింది రెండే పనులు. మాత్రల కవర్ తయారుచేసుకుని రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి. అది ఎప్పటికి దొరికినా, ఈలోపు అమ్మగారిని దగ్గర్లోని పళ్ల డాక్టర్ దగ్గర కూర్చోబెట్టి 'చిగురు అంచుల దగ్గర చూడండి, నోరు ఎండుతోంది' అని మీరే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు కూడా నాలాగే స్వీట్లు తగ్గించమంటారు. యాంటీ రో రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, పంటి ఎక్స్‌రే తీయిస్తే అది కూడా పెట్టండి, చూసి చెప్తాను.